కాలిఫోర్నియా వైన్‌కి తెలుగు నాలుక: తెలుపు, ఎరుపు, కాస్త వగరు

మన ఊళ్ళో ‘వైన్స్’ అని బోర్డు ఉన్న కొట్లో విస్కీ, బ్రాందీ, బీరు దొరుకుతాయి. వైన్ అడిగితే కొట్టతను మనల్ని ఎగాదిగా చూసి, మూల నుంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి తీస్తే అదృష్టం. అలాంటి చోటు నుంచి వచ్చినవాణ్ణి. మొదటిసారి కాలిఫోర్నియాలో వైన్‌కి పేరున్న నాపాలో ఒక టేస్టింగ్ రూమ్ (వైన్ రుచి చూపించే గది) కౌంటర్ ముందు నిలబడితే, పోసే అమ్మాయి బ్లాక్‌కరంట్ అంది, సెడార్ అంది, గ్రాఫైట్ అంది. బ్లాక్‌కరంట్ అనే పండు బుద్ధెరిగాక నేను తిన్నది లేదు. పెన్సిల్ ములుకుని వాసన చూడాలని కూడా ఎప్పుడూ తోచలేదు. అన్నిటికీ తల ఊపి, ఒక గుటక వేసి, మా ఆవిడ వైపు తిరిగి మెల్లగా “వగరుగా ఉందే” అన్నాను.

ఆ రోజు నా నోటి నుంచి వచ్చిన సరైన మాట అదొక్కటే. రెడ్ వైన్‌లో టానిన్ అని గొప్పగా చెప్పేది ఆ వగరునే. ఇంగ్లిష్‌లో దానికి ఆస్ట్రింజెంట్ అని మందుల షాపులో వినపడే మాట ఉంది. మనకు అది ఉగాది పచ్చడిలో మామిడి పిందె దగ్గరే పరిచయం. వైన్ రుచి చూసే నా పద్ధతి అంతా ఆ ఒక్క మాట మీద కట్టుకున్నాను: వైన్‌లో తగిలిన ప్రతిదానికీ మన వంటగదిలోనో, పెరట్లోనో, చిన్నప్పటి బడి దారిలోనో పేరు వెతకడం. తాగే అలవాటు లేనివాళ్ళు దీనికోసం మొదలుపెట్టక్కర్లేదు. అలవాటు ఉన్నవాళ్ళు గబగబా తాగకుండా కాస్త ఆగి చూడటానికి పనికొస్తుంది.

మొదటి మెట్టు: సీసా తెరవకముందు వంటగదిలో

వైన్ రుచిలో నాలుక పట్టుకోవాల్సినవి నాలుగే: పులుపు, తీపి, వగరు, చిక్కదనం. ఆల్కహాల్ వేడిని కలిపితే ఐదు. ఇవన్నీ వైన్‌లో కలగాపులగంగా ఉంటాయి కాబట్టి మొదట విడివిడిగా నేర్చుకోవాలి.

ఒక గ్లాసు నీళ్ళలో ఉప్పు, పంచదార ఏమీ లేకుండా అర చెక్క నిమ్మకాయ పిండి, ఒక గుక్క నోట్లో తిప్పండి. దవడల పక్క నుంచి నీరూరుతుంది. వైన్ వాళ్ళు యాసిడిటీ అనేది దీన్నే. ఎంత పులుపో తేల్చుకోవాలంటే మింగాక నీరు ఎంతసేపు ఊరుతోందో చూడండి. ఇప్పుడు అదే గ్లాసులో రెండు చెంచాల పంచదార కలిపి మళ్ళీ తాగండి. పులుపు ఎక్కడికీ పోలేదు, తీపి దాన్ని కప్పేసింది. కొన్ని వైన్లు తియ్యగా అనిపించకపోయినా నునుపుగా ఉండటానికి కారణం ఇలాంటి సర్దుబాటే.

తర్వాత టీ. పాలు లేకుండా, పదినిమిషాలు మరిగిన నల్లటి డికాషన్. చల్లారాక నోట్లో పోసుకుంటే చిగుళ్ళు, బుగ్గల లోపలి చర్మం గరుకుగా బిగుసుకుపోతాయి. పచ్చి జామకాయ కొరికినట్టు, వక్క నమిలినట్టు. టానిన్ మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని జారుడుతనాన్ని తీసేయడం వల్ల అలా అవుతుంది. నాలుక మీద ఉండే రుచి కంటే ఇది స్పర్శే ఎక్కువ. ఇప్పుడు ఆ డికాషన్‌లో పాలు పోయండి. వగరు సగానికి సగం తగ్గిపోతుంది, ఎందుకంటే టానిన్‌కి పట్టుకోవడానికి పాల ప్రోటీన్ దొరికింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, భోజనం దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

చివరగా వెన్న తీసిన పాలు ఒక గుక్క, చిక్కటి పాలు ఒక గుక్క. రెండూ పాలే, నోట్లో బరువు వేరు. ‘బాడీ’ అంటే ఆ బరువు. అంతే.

తీపి నాలుక కొసన, పులుపు పక్కన, చేదు వెనక తెలుస్తాయని స్కూల్లో చూపించిన నాలుక పటం ఉంది చూశారా, అది తప్పు. అన్ని రుచులూ నాలుకంతా తెలుస్తాయి.

ఏ సీసాలు కొనాలి, లేబుల్ ఏం చెప్తోంది

నాలుగు సీసాలతో మొదలుపెట్టండి: తెలుపులో సావిన్యాన్ బ్లాంక్, షార్డనే, ఎరుపులో పీనో న్వార్, కాబెర్నే సావిన్యాన్. ఇవన్నీ ద్రాక్ష రకాల పేర్లే. ఒక్కొక్కటి 15 నుంచి 25 డాలర్ల మధ్య చాలు. ఆ ధరలో మంచి నాపా కాబెర్నే దొరకడం కష్టం. కాలిఫోర్నియాలోనే పాసో రోబ్లెస్‌దో, లివర్‌మోర్‌దో తీసుకోండి, పాఠానికి ఏ లోటూ రాదు. ఉత్సాహం ఉంటే ఐదోదిగా లోడై ప్రాంతపు ఎర్ర వైన్ జిన్‌ఫాండెల్.

లేబుల్ మీద ద్రాక్ష పేరు ఉందంటే అందులో కనీసం 75 శాతం ఆ ద్రాక్షే. మిగతా పాతిక శాతం ఇంకేదైనా కావచ్చు. ‘కాలిఫోర్నియా’ అని మాత్రమే ఉంటే ద్రాక్ష మొత్తం ఆ రాష్ట్రంలో పండిందే, కానీ ఎక్కడైనా పండి ఉండొచ్చు. నాపా వ్యాలీ, రష్యన్ రివర్ వ్యాలీ లాంటి పేరుంటే అది ప్రభుత్వం హద్దులు గీసిన ద్రాక్ష ప్రాంతం, ఏవీఏ అంటారు. కనీసం 85 శాతం ద్రాక్ష అక్కడిదై ఉండాలి. అలాంటి సీసా మీద సంవత్సరం వేస్తే 95 శాతం ఆ ఏడాది కోతదే కావాలి. ‘రిజర్వ్’, ‘ఓల్డ్ వైన్’ (old vine, అంటే ముసలి ద్రాక్ష తీగ) అనే మాటలకు మాత్రం అమెరికా చట్టంలో అర్థమే లేదు. ఎవరైనా వేసుకోవచ్చు, వేసుకుంటారు కూడా.

ప్రాంతం పేరు ఎందుకు పట్టించుకోవాలంటే మామిడికాయని తలుచుకోండి. పిందెలో పులుపు, వగరు. మగ్గేకొద్దీ పులుపు తగ్గి తీపి పెరుగుతుంది. ద్రాక్షా అంతే. వేడి ప్రాంతంలో చక్కెర ఎక్కువ చేరుతుంది, పులిసినప్పుడు ఆ చక్కెరే ఆల్కహాల్ అవుతుంది. చల్లటి చోట పులుపు నిలబడుతుంది. కాలిఫోర్నియాలో చలిని తెచ్చేది పసిఫిక్ సముద్రం నుంచి వచ్చే పొగమంచు. అందుకే అక్కడ ఉత్తరం, దక్షిణం లెక్క పనిచేయదు. నాపాలో దక్షిణపు చివర శాన్ పాబ్లో బే అనే అఖాతం పక్కన ఉంది కాబట్టి చల్లగా ఉంటుంది, ఉత్తరాన ఉన్న కాలిస్టోగా వేడి. ఎక్కడో దక్షిణాన ఉన్న శాంటా బార్బరాలో కొండలు తూర్పు పడమరలుగా పరుచుకుని సముద్రపు గాలికి దారి వదిలాయి, దాంతో చలిని ఇష్టపడే పీనో న్వార్ అక్కడ హాయిగా పండుతుంది.

శాకాహారులకు ఒక మాట. వైన్‌ని తేర్చడానికి కొందరు కోడిగుడ్డు తెల్లసొన, చేపల నుంచి తీసిన ఐసింగ్లాస్, పాల ప్రోటీన్ వాడతారు. తర్వాత వడకట్టేస్తారు, అయినా పట్టింపు ఉన్నవాళ్ళు ‘వీగన్’ లేదా ‘అన్‌ఫైన్డ్’ (తేర్చనిది) అని ఉన్న సీసా చూసుకోవాలి. టేస్టింగ్ రూమ్‌లో అడగడానికి మొహమాటం వద్దు, అక్కడ రోజూ వినే ప్రశ్నే.

ఇల్లు, గ్లాసు, చల్లదనం

ఇంగువ పోపు వేసిన ఇంట్లో వైన్ వాసన చూడటం దండగ. అగరుబత్తి, పెర్ఫ్యూమ్ కూడా అంతే. మధ్యాహ్నం వంట వాసన పోయాక, సాయంత్రం కిటికీలు తీసి కూర్చోండి.

నోరు కాస్త ముడుచుకున్న, కాడ ఉన్న గాజు గ్లాసు కావాలి. ఖరీదైనది అక్కర్లేదు. స్టీలు గ్లాసులో మాత్రం వద్దు, వాసన నిలవదు. మూడో వంతు కంటే ఎక్కువ పోయకండి. రుచి చూడటానికి 60 మిల్లీలీటర్లు చాలు.

ఎర్ర వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారు. ఆ మాట పుట్టింది యూరప్‌లోని చల్లటి రాతి ఇళ్ళలో. ఎండాకాలం మన గదిలో 28 డిగ్రీలుంటే కాబెర్నే మందులా మండుతుంది. ఎరుపుని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, 16–18 డిగ్రీలు బాగుంటుంది. తెలుపుకి దీనికి తిరగేసిన పొరపాటు చేస్తాం: ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోసేస్తాం, మంచు చల్లదనంలో వాసన పుట్టదు. షార్డనేని పావుగంట ముందే బయట పెట్టండి.

వరస: తెలుపు తర్వాత ఎరుపు, పల్చనిది తర్వాత చిక్కనిది. తీపి వైన్ ఉంటే అన్నిటికన్నా చివర.

చూపు, ముక్కు

కంటితో ఎక్కువసేపు పని లేదు. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూడండి. పీనో న్వార్ వెనక కాగితం మీది అక్షరాలు చదవొచ్చు, కాబెర్నే వెనక కష్టం. రంగు వచ్చేది ద్రాక్ష తొక్కలోంచి, వగరు ఎక్కువగా తొక్క, గింజల్లోంచి. ఎర్ర వైన్‌ని తొక్కతో పాటు పులియబెడతారు, తెలుపుకి ముందే రసం పిండేసి తొక్క తీసేస్తారు. తెలుపు గోధుమ రంగుకి తిరిగిందంటే గాలి తగిలి పాతబడి ఉండొచ్చు. గ్లాసు గోడల మీద జారే ధారలను చూసి మురిసిపోయేవాళ్ళున్నారు. అవి చెప్పేది ముఖ్యంగా ఆల్కహాల్ సంగతి, నాణ్యత గురించి కాదు.

పైగా కన్ను మోసం చేస్తుంది. 2001లో ప్రచురితమైన ఒక ఫ్రెంచి పరిశోధనలో 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. వాళ్ళు వైన్ శాస్త్రం చదువుతున్న విద్యార్థులు. ఇక మనమెంత.

అసలు పనంతా ముక్కుది. గ్లాసు కదపకుండా ఒకసారి వాసన చూడండి. తర్వాత బల్ల మీదే పెట్టి, కాడ పట్టుకుని గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికి పెట్టి చిన్న చిన్న ఊపిరులు తీసుకోండి. ఒకే పెద్ద ఊపిరి తీస్తే ముక్కు అలిసిపోతుంది. అలిసిపోతే మీ చొక్కా చేతిని వాసన చూసి మళ్ళీ రండి, తేడా తెలుస్తుంది.

ఏమీ తట్టకపోతే కంగారు పడకండి. పెద్ద ప్రశ్న నుంచి చిన్న ప్రశ్నకి వెళ్ళండి. పండా, ఆకా, పువ్వా, మసాలానా, మట్టా? పండైతే పుల్లటి పండా, మగ్గిన పండా, ఎండబెట్టిందా? కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఆన్ నోబుల్ 1980లలో వైన్ వాసనల చక్రం తయారు చేసింది ఈ పద్ధతిలోనే. ‘సొగసైన’, ‘హుందా అయిన’ లాంటి మాటలకు అందులో చోటు లేదు, ఎదురుగా పెట్టి వాసన చూపించగల వస్తువుల పేర్లే ఉండాలి. అయితే ఆ వస్తువులు అక్కడి వంటింటివి. మనం మన చక్రం రాసుకోవాలి.

నాది ఇలా తయారైంది. సావిన్యాన్ బ్లాంక్‌లో పంపరపనస తొనలు, పచ్చి జామ, కోసిన గడ్డి. ఒక్కోసారి కోసిన క్యాప్సికం. ఆ వాసననిచ్చే పైరజీన్ అనే పదార్థం క్యాప్సికంలో ఉన్నదీ ద్రాక్షలో ఉన్నదీ ఒకటే. షార్డనేలో ఆపిల్, అనాస. పీనో న్వార్‌లో చెర్రీ, ఎండిన గులాబీ రేకులు, తొలకరి తర్వాత మట్టి. కాబెర్నేలో బ్లాక్‌కరంట్ అని వాళ్ళన్నచోట నాకు నేరేడు పండు తగిలింది. సరిగ్గా అదే పండు కాదు గానీ ఆ నల్లటి పండుతనం, వెనకాలే వచ్చే వగరు అచ్చం అలాగే. ఇంకోటి: కొన్ని నాపా కాబెర్నేల్లో జలుబు చేసినప్పుడు అమ్మ ఛాతీకి రాసిన నీలగిరి తైలం వాసన. నా భ్రమ అనుకున్నాను. కాదు. ఆస్ట్రేలియా నుంచి తెచ్చి కాలిఫోర్నియా అంతా నాటిన యూకలిప్టస్ చెట్లు తోటల పక్కన ఉంటే, వాటి తైలం గాలిలో వచ్చి ద్రాక్ష తొక్క మీద చేరుతుంది.

తడిసిన అట్టపెట్టె వాసన, పండు వాసన అసలే లేకపోవడం: కార్క్ పాడైంది. వెనిగర్ ఘాటు కూడా దోషమే. ఇలాంటివి పారబోయండి, మీ నాలుకని అనుమానించకండి.

నోట్లో

ఒక చెంచాడు తీసుకుని, పుక్కిలించినట్టు నోరంతా తిప్పండి. పెదాలు కాస్త తెరిచి గాలి లోపలికి పీల్చండి, వేడి టీ జుర్రినట్టు చప్పుడొస్తుంది. అమ్మ ఎదురుగా చేస్తే మొట్టికాయ పడుతుంది గానీ, వాసన గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కాలంటే అదే దారి. ఇప్పుడు వంటగది పాఠం గుర్తు తెచ్చుకోండి: దవడ పక్కన నీరెంత, చిగుళ్ళ మీద బిగువెంత, బరువు ఏ పాలంత, గొంతులో మంట ఎంత. మింగాక రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టండి. దీన్ని ఫినిష్ అంటారు. ఐదు సెకన్లలో మాయమైతే సాదా వైన్. అరనిమిషం దాటి, అదీ హాయిగా నిలిస్తే దగ్గరపెట్టుకోవాల్సిందే.

నాలుగైదు రకాలు చూసేటప్పుడు ఉమ్మేయాలి. మనకు ఎంగిలి పట్టింపు, నలుగురిలో ఉమ్మడం మర్యాద కాదనిపిస్తుంది. టేస్టింగ్ రూమ్‌లో దానికోసమే బకెట్ పెడతారు. తాంబూలం నమిలే తాతలను చూసి పెరిగినవాళ్ళం, సన్నటి ధారగా ఉమ్మడం మనకు కొత్త విద్యేం కాదు.

రెండేసి చొప్పున పక్కపక్కన

ఒక్క వైన్‌ని విడిగా తాగితే తెలిసేది తక్కువ. రెండు పక్కన పెడితే తేడా దానంతటదే మాట్లాడుతుంది.

తెలుపులో సావిన్యాన్ బ్లాంక్, షార్డనే. మొదటిది నిమ్మరసం గ్లాసుని గుర్తుచేస్తుంది. రెండోది చాలాసార్లు చిక్కటి పాలని. ఇందులో మనుషుల చెయ్యి ఎక్కువ: రసంలోని మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, అంటే పచ్చి ఆపిల్ పులుపు పెరుగు పులుపవుతుంది. ఆ దారిలో పుట్టే డయాసిటైల్ వెన్న వాసననిస్తుంది. ఓక్ పీపాలో ఉంచితే వెనిల్లా, కాల్చిన రొట్టె వాసన చేరతాయి. ఒకప్పుడు కాలిఫోర్నియా షార్డనే అంటే వెన్నముద్దే. ఇప్పుడు చాలామంది తగ్గించారు, నాకైతే అది మంచికే అనిపిస్తుంది. పీపా తగలని షార్డనే ఒకటి, తగిలినది ఒకటి కొని పోల్చి చూడండి. ఇరవై పేజీలు చదివినా రాని సంగతి పది నిమిషాల్లో వస్తుంది.

ఎరుపులో పీనో న్వార్, కాబెర్నే. పీనో తొక్క పల్చన, కాబెర్నే పండు చిన్నది, తొక్క మందం. అందుకే ఒకదానిలో పల్చటి టీ అంత వగరు, రెండోదానిలో డికాషన్ అంత. కాబెర్నేకి రాజసం ఉందని అందరూ అంటారు. దాని అమ్మానాన్నలు ఎవరో 1997లో డేవిస్ శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ చూసి తేల్చారు: కాబెర్నే ఫ్రాంక్, ఇంకొకటి మన తెల్ల ద్రాక్ష సావిన్యాన్ బ్లాంక్. అది తెలిశాక రెండింటిలోనూ ఆ క్యాప్సికం వాసన వెతకడం నాకొక ఆటైంది.

ఈ రెండు రంగులకూ పేరు తెచ్చిన రోజు 1976 మే 24. పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వ్యాపారి ఫ్రెంచి, కాలిఫోర్నియా సీసాల పేర్లు దాచి పోటీ పెట్టాడు. తొమ్మిదిమంది ఫ్రెంచి నిర్ణేతల మార్కులతో తెలుపులో నాపా వాళ్ళ షాటో మాంటెలీనా 1973 షార్డనే, ఎరుపులో నాపాదే స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 కాబెర్నే ఫ్రెంచి దిగ్గజాలను దాటి మొదటి స్థానం తెచ్చుకున్నాయి. నాపా పేరు మారుమోగింది గానీ, ఆ షార్డనేలో పక్కనున్న సొనోమా ద్రాక్ష కూడా ఉంది.

జిన్‌ఫాండెల్ కొన్నవాళ్ళు దాన్ని కాబెర్నే పక్కన పెట్టండి. వగరు తక్కువ, పండు ఎక్కువ, మిరియాల ఘాటు. దాని గుత్తిలో పచ్చి పండు, మగ్గిన పండు, ఎండుద్రాక్షలా ముడతపడ్డ పండు ఒకేసారి ఉంటాయి. అందుకే ఆల్కహాల్ 15 శాతం దాటడం మామూలే. కాలిఫోర్నియా సొంత ద్రాక్ష అని చాలాకాలం చెప్పుకున్నారు, తీరా 2001లో క్రొయేషియా తీరంలో పుట్టిందని తేలింది.

పోల్చడం అలవాటయ్యాక చిన్న పరీక్ష. మూడు గ్లాసులు, రెండింట్లో ఒకే వైన్, ఒకదానిలో వేరే. పోసినవాళ్ళు చెప్పకూడదు, వేరేదేదో మీరు పట్టుకోవాలి. సులువనుకుంటారు. కళ్ళు మూసుకుని చేయండి.

మన భోజనంతో

ఆవకాయతో ఏ వైనూ వద్దు. ఇందులో నేను రాజీపడను.

కారం, ఆల్కహాల్, వగరు మూడూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. గుంటూరు కారంతో చేసిన కోడివేపుడు పక్కన 15 శాతం కాబెర్నే పెట్టుకుంటే నోరు నిప్పుల గుండమే. కారం ఎక్కువైతే కాస్త తీపి మిగిల్చిన, ఆల్కహాల్ తక్కువున్న రీస్లింగ్ అనే తెల్ల వైన్ గానీ, ఆండర్సన్ వ్యాలీలో పండే ఇంకో తెలుపు గెవుర్ట్స్‌ట్రామినర్ గానీ చల్లగా తీసుకోండి. పులుపు కూరకి దానికన్నా పుల్లటి వైన్ ఉండాలి. చేపల పులుసు ముందు వెన్నలాంటి షార్డనే చప్పగా తేలిపోతుంది, సావిన్యాన్ బ్లాంక్ నిలబడుతుంది. కాబెర్నేకి కారం తగ్గించిన మటన్ కబాబో, నెయ్యి దట్టించిన మాంసమో కావాలి. డికాషన్‌లో పాలు పోసినప్పుడు ఏమైందో అదే ఇక్కడా జరుగుతుంది. పుట్టగొడుగుల వేపుడుతో పీనో న్వార్. గోంగూర మటన్‌కి నాకింకా జోడీ కుదరలేదు. పులుపుకి తగినది మాంసానికి చాలదు, మాంసానికి తగినది కారానికి ఆగదు.

తోటకి వెళ్ళే రోజు

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియా తెలుగువాళ్ళకు లివర్‌మోర్ అంటే శివ విష్ణు ఆలయం. అదే ఊరి శివార్లలో 1883లో మొదలైన ‘వెంటే’, ‘కాన్‌కానన్’ అనే తోటలున్నాయి. కాలిఫోర్నియాలో షార్డనే పేరు లేబుల్ మీదకు ఎక్కింది 1936లో, వెంటే సీసా మీదే. ఇక్కడ రుసుము, రద్దీ రెండూ నాపా కంటే తక్కువ. మొదటిసారి ఇక్కడికే వెళ్ళమంటాను. గుడి, వైనరీ ఒకే రోజు పెట్టుకుంటారా అన్నది మీ ఇంటి పెద్దవాళ్ళతో తేల్చుకోండి, మా ఇంట్లో కుదరలేదు.

ముందే బుక్ చేసుకోండి. కడుపు నిండా ఉప్మానో ఇడ్లీయో తిని బయల్దేరండి. రోజుకి మూడు చోట్లు దాటితే నాలుకకి ఏమీ తెలియదు. 21 ఏళ్ళు నిండినట్టు గుర్తింపు కార్డు ఉండాలి. చాలాచోట్ల ఇద్దరు కలిసి ఒక ఫ్లైట్, అంటే వరసగా పోసే నాలుగైదు రకాలు, పంచుకోవచ్చు, అడిగి చూడండి. మూడో గ్లాసు మీద ఉన్నప్పుడు వైన్ క్లబ్ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇంటికొచ్చాక నెలనెలా పెట్టెలు దిగుతుంటే తెలుస్తుంది.

కారు నడిపేవాళ్ళు రుచి చూడకూడదు. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే చాలు, ఇంకో రుజువు అక్కర్లేకుండా నేరమే. వీసా మీద ఉన్నవాళ్ళకు డీయూఐ (తాగి బండి నడిపిన) కేసు పడితే వీసా రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది. నలుగురు వెళ్తే ఒకరు మంచినీళ్ళు, లేదంటే డ్రైవరున్న అద్దె కారు.

మిగిలిన సీసాకి కార్క్ పెట్టి, ఎరుపైనా సరే, ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది. తాగిన ప్రతిదానికీ రెండు లైన్లు రాసుకోండి. నా పుస్తకంలో పోయిన వారం రాసింది: “కాబెర్నే, పాసో రోబ్లెస్. నేరేడు, లవంగం, కాస్త తోలు. వగరు చిక్కటి డికాషన్. కబాబ్‌తో బాగుంది. పక్కనే ఆవకాయ కనిపిస్తే ఆగలేకపోయాను. తప్పు చేశాను.”